ఆయన కంచం విడిగా పెట్టలేదు

ఆ పూట మా ఆయన గోంగూర పచ్చడిని కంచంలో పక్కకు నెట్టినాడు. పచ్చడి లేకుంటే ముద్ద దిగని మనిషి. "ఏంది, ఉప్పు ఎక్కువైందా?" అని అడిగితే, "లేదులే, దవడ లోపల చిన్న పుండు. కారం తగిలితే మండుతాంది" అన్నాడు.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. ఉన్న కొద్ది చేనులో నాటు పొగాకు వేసేవాళ్లం. పొగాకు పండించే ఇళ్లలో మగవాళ్లు బుగ్గన ఇంత పెట్టుకోకుండా పనిలోకి దిగరు. పన్ను నొప్పి వచ్చినా, చిగుళ్లు వాచినా మందు కూడా అదే. అక్కడ మొద్దుబారి నొప్పి తెలియదు. మా ఆయనా పుండు మీదనే పొగాకు అదిమి పెట్టుకొని, "చూడు, తగ్గిపాయ" అనేవాడు. నొప్పి తగ్గింది. పుండు తగ్గలేదు.

మా ఇంట్లో సాయంత్రం అందరం కలిసే తినాలి. ఆయన ప్రార్థన చేసి "ఆమెన్" అనేదాకా పిల్లలు ముద్ద ఎత్తరు. నేను బడికి పోలేదు. బైబిల్ వాక్యం చదువుకోవాలని మా నాయన ఇంట్లోనే అక్షరాలు నేర్పినాడు. కానీ ప్రార్థనంటే ఏమిటో నాకు తెలిసింది ఆ కంచాల ముందే. ఎప్పుడైనా ప్రార్థన పొడవైతే మా ముగ్గురు ఆడపిల్లల్లో చిన్నది ఒక కన్ను తెరిచి, "నాయనా, సంగటి ఆరిపోతాంది" అనేది. ఆయన నవ్వి అక్కడికే ముగించేవాడు.

రానురాను ఆయనకు నోరు పూర్తిగా తెరుచుకోకుండా పోయింది. ఆళ్లగడ్డలో డాక్టరు టార్చి వేసి చూసి, "నంద్యాలకు పోండి, ఆలస్యం చేయొద్దు" అన్నాడు. నంద్యాలలో చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపినారు. రిపోర్టు వచ్చినాక అక్కడి డాక్టరు దాచకుండా చెప్పినాడు. "ఇది మామూలు పుండు కాదప్పా. క్యాన్సర్. ముందు ఆ పొగాకు ఊసేసి రా."

ఆయన బయటికి పోయి ఊసేసి, రొంటినున్న పొట్లం కూడా పారేసి వచ్చినాడు. మళ్లీ ముట్టలేదు.

సంగతి తెలిసి మిడుతూరు నుంచి ఆయన అక్క, మా వదిన వచ్చింది. తల్లి పోయినాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. వస్తూ ఒక పింగాణీ కంచం, గ్లాసు తెచ్చింది. "పిల్లలున్న ఇల్లు. ఇది అంటుకునే రోగమంట. వానికి ఇవి విడిగా పెట్టు" అంది. ఏడుస్తూనే అంది. ఆయన విన్నాడు. ఆ కంచం తీసుకొని వసారాలోకి పోయి కూర్చున్నాడు.

లోపల పిల్లలు కంచాల ముందు కదలకుండా ఉన్నారు. "అమ్మా, ఆమెన్ ఎవరనాల?" అంది చిన్నది. అంతలో గోడ అవతల నుంచి ఆయన ప్రార్థన వినపడింది. ఇల్లు కట్టుకొని బతికిన మనిషి తన ఇంటి బయట తినడం జరగకూడదని గట్టిగా అనుకున్నాను.

మళ్లీ నంద్యాల పోయినప్పుడు డాక్టరునే అడిగినాను. "ఇది అంటుకుంటాదా సార్?"

"అంటదమ్మా. ఆయన తాగిన గ్లాసులో నీవు తాగినా ఏం కాదు. విడిగా కూర్చోబెడితే మాత్రం మనిషి తిండి తగ్గించేస్తాడు. అది చేటు."

ఇంటికి వచ్చి, వదిన చూస్తుండగానే ఆయన తాగి పెట్టిన గ్లాసు ఎత్తి మిగిలిన నీళ్లు తాగినాను.

"ఏందే ఇది, మొండిదానా!"

"డాక్టరు చెప్పినాడు వదినా. ఆయన కంచం ఆడ కాదు, ఈడనే ఉంటాది."

ఆయన నవ్వినాడు. "అక్కా, దాని మాట నేనే దాటలేను. నీ వల్ల యాడ అయితాది?"

డోను మీదుగా గుంతకల్లు పోయి, రైలు మారి, రేడియేషన్ కోసం వేలూరు చేరినాము. మావైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. మెడ చర్మం కాలినట్టు నల్లబడింది. నోరంతా పూసింది. మంచినీళ్లు మింగాలన్నా కళ్లనీళ్లు వచ్చేవి. అయినా ఒక్క పూట కూడా తిండి మానలేదు. "పిల్లలతో కూర్చొని తినాల. దానికోసం ఇదంతా" అనేవాడు.

పుండు మానింది. దేవుడు మాకు దాదాపు రెండేళ్లు ఇచ్చినాడు. ఆ రెండేళ్లకు నేను ఈ రోజుకూ స్తోత్రం చెప్పుకుంటాను. మెత్తగా పిసికిన సంగటి, కారం లేని పప్పు తిన్నాడు. పెద్దపిల్లను నంద్యాలలో టీచరు ట్రైనింగులో చేర్పించి వచ్చినాడు.

తర్వాత మెడలో గడ్డ తేలింది. "రికరెన్స్, రోగం తిరగబెట్టిందమ్మా. మళ్లీ రేడియేషన్ పెట్టేదానికి లేదు. తిండి ఆగకుండా చూసుకుందాం" అన్నారు డాక్టర్లు. ముక్కులోంచి కడుపులోకి ట్యూబు వేసినారు. అంబలి వడగట్టడం, తల ఎత్తుగా పెట్టడం, మెల్లగా పోసి చివర నీళ్లతో ట్యూబు కడగడం, అన్నీ ఒక నర్సమ్మ ఓపిగ్గా నేర్పింది. ఆమె చేతులు చల్లగుండాలి.

ట్యూబుతోనే ఆయన తన చోట కూర్చునేవాడు. "మీరు నోటితో తింటాండారు. నేను ముక్కుతో. ఎవరు గొప్ప?" అని ముద్దముద్దగా అంటే పిల్లలు నవ్వలేక నవ్వేవాళ్లు. ఒక సాయంత్రం మా వదిన నా పక్కకు వచ్చి, "ఇట్లియ్యి, నేను పోస్తా. చిన్నప్పుడు వానికి తినిపించింది నేనే కదా" అని గ్లాసు తీసుకుంది. ఆ రోజు నుంచి సాయంత్రం అంబలి ఆమే పోసింది.

చివరికి మాట కూడా పోయింది. కళ్లు మూసుకొని లోపలే ప్రార్థించి, కంచం అంచు మీద వేలితో తట్టేవాడు. అదే మాకు ఆమెన్. లేవలేని రోజు వచ్చినప్పుడు మా కంచాలే ఆయన మంచం చుట్టూ తెచ్చుకున్నాము. ఆయన మంచం పట్టె మీద తట్టినాడు. చాలా మెల్లగా. అయినా అందరికీ వినపడింది. అందరం తిన్నాము. మరుసటి పొద్దున ప్రభువు పిలుచుకున్నాడు.

ఇప్పుడు మా చేనులో పొగాకు వేయము, శనగ వేస్తాము. పెద్దది టీచరు. వదిన మా దగ్గరే ఉంటుంది. ఆమె తెచ్చిన పింగాణీ కంచంలో కోళ్లకు నూకలు పోస్తాము. సాయంత్రం ఆమెన్ వంతులవారీగా అంటాము. అన్నాక ఎవరో ఒకరి వేలు కంచం అంచును తడుతుంది.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. మీ ఇంట్లో కారం ఇష్టపడే మనిషి పచ్చడిని పక్కకు నెడితే, ఉప్పు సంగతి అడగొద్దు. వెలుతురులోకి తీసుకుపోయి నోరు తెరిపించి చూడండి. పుండు రెండు మూడు వారాలకు మానకుంటే, దాని మీద ఏమీ పెట్టనీయకుండా ఆ పొద్దే పెద్దాసుపత్రికి బస్సు ఎక్కించండి.