వదిన తీసేసిన నా లైన్లు

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువగా ఉండేది కాబట్టి మారేడ్‌పల్లి ఇంట్లో అమ్మే కూర్చోబెట్టి చదువు చెప్పింది. అన్నయ్యకు పెళ్లయి, అల్వాల్ నుంచి వదిన వచ్చాక, అదే బల్ల దగ్గర నాకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్పింది. ఆఫీసు నుంచి వచ్చి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నా తప్పులు పట్టుకునేది. ఆమెను మా ఇంటికి పంపినందుకు దేవునికి చెప్పుకున్న కృతజ్ఞత నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

మేమిద్దరం కలిసి రాసింది చిన్న ప్రోగ్రాము. తెలుగు పాటలను చర్చిలో తెర మీద చూపిస్తుంది. వరుస చివర మాటను ఎక్కడ విరవాలో చూసే భాగం నాది. విరిచినప్పుడు అక్షరం పై వరుసలో, దాని ఒత్తు కింది వరుసలో పడకూడదు. మిగతాదంతా వదినది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినది ఇంకొకరికి ఇస్తే దాని సోర్స్ కోడ్, అంటే లోపల రాసిన లైన్లన్నీ కూడా ఇదే షరతు మీద ఇవ్వాలి. ఆ లైసెన్స్ పెడదామన్నది వదినే. "మనం ఇచ్చిందానికి ఇంకెవ్వలు తాళమేసుకోవద్దు" అంది.

తర్వాత బడిపిల్లలకు టాబ్లెట్లు చేసే ఒక కంపెనీ అడిగింది. అక్షరాలు విరవకుండా చూపే ఆ ప్రోగ్రాము తమకు కావాలి, కానీ తాము చేసిన మార్పులు ఎవరికీ చూపించరట. అందుకు వేరే లైసెన్స్ అమ్మమన్నారు. ఇద్దరం రాసింది కాబట్టి ఇద్దరి సంతకాలూ కావాలి.

"అందరికున్నది అట్లనే ఉంటది చెల్లె. వాళ్లకొక్కళ్లకే వేరేది. రెండు లైసెన్సులు, అంతే. గిండ్ల పాపమేమున్నది?" అంది వదిన. "నేను సుత నౌకరీ ఇడిచిపెట్టి ఇదే పని చేసుకుంట."

ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడే మనిషిని రోజూ చూస్తున్నదాన్ని. అయినా మనసొప్పలేదు.

"వాళ్లు బాగుచేసింది మళ్లీ ఎవరికీ దక్కదు కదా వదినా. నేను సంతకం పెట్టలేను."

వదిన నవ్వింది. "ఆడబిడ్డ కట్నం కావాల్నా? సంతకానికి ఎంతనో చెప్పరాదు."

పెళ్లిలో పెళ్లికొడుకు చెల్లెలు అలిగినట్టు కూర్చుంటే లాంఛనం ఇచ్చి లేపుతారు. వదిన పెళ్లిలో నేనూ అలా కూర్చున్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ మాట మీద ఒకరినొకరం ఏడిపించుకున్నాం. అందుకే నేనూ నవ్వాను. కానీ వదిన నవ్వు ఆపేసి, జవాబు కోసం నా ముఖం వంకే చూస్తూ ఉంది. ఆమె నిజంగానే అడిగిందని అప్పుడు అర్థమైంది.

తల అడ్డంగా ఊపాను. దాన్ని కూడా బేరమనే అనుకుందో ఏమో.

"సరే తియ్. నీది తీసేసి మొత్తం నేనే రాసుకుంట."

ఆ హక్కు ఆమెకుంది. పాత ప్రోగ్రాము పాత షరతు మీదే అందరికీ ఉంటుంది, నా దగ్గరా ఉంటుంది. ఎవరూ ఎవరిదీ దొంగిలించలేదు. ఆ వానాకాలమంతా పైగదిలో కూర్చుని ఆమె తిరగరాసుకుంది. కొత్త ప్రతిలో ఏమేం మారిందో తెరిచి చూస్తే, తీసేసిన లైన్లన్నీ ఎర్రగా కనబడేవి. అన్నీ నావే. వాటి మధ్య, ఎప్పుడో ఆమె సరదాగా రాసిపెట్టిన ఒక వ్యాఖ్య: "ఇది మా చెల్లె తెలివి." అదీ ఎర్రగానే ఉంది. ఆ రోజు ప్రార్థనకు మోకరించాను గానీ ఏమడగాలో తోచలేదు.

మొన్న మధ్యాహ్నం వదిన భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కొత్త ప్రోగ్రాము పరీక్షిస్తోంది. అన్నం గిన్నె పట్టుకుని ఆమె వెనకగా వస్తూ చూశాను. స్తోత్రం అన్న మాటలో "స్" పై వరుస చివర నిలిచిపోయి, "తోత్రం" కిందికి జారింది. ఎందుకలా అవుతుందో నాకు తెలుసు.

"వదినా, అక్కడ..."

"చెప్పకు." తల తిప్పలేదు. కోపం కూడా లేదు ఆ గొంతులో. "నీ మాట ఒక్కటి సుత ఇందుల కలవొద్దన్నడు కంపెనీ వకీలు. నువ్వు చెప్తే అది నీదైతదట."

గిన్నె బల్ల మీద పెట్టాను. ఆమే కనిపెడుతుందేమోనని కాసేపు పక్కనే నిలబడ్డాను. వదిన ఆ వరుస వంక చూస్తూనే ఉంది. తర్వాత లాప్‌టాప్ మూసి, కంచం ముందుకు లాక్కుంది.

"కూరేం చేసినవ్?" అంది.