కసిల్దా పలకని సామెత

కసిల్దా మా ఆసుపత్రిలో దుబాసీ. ఎండ కోసం మా తీరానికి వచ్చి స్థిరపడిన ఇంగ్లీషు ముసలివాళ్లు జబ్బుపడితే, వాళ్లకీ డాక్టర్లకీ మధ్య కూర్చుని మాట అందించడం ఆమె పని. వయసులో ఉండగా లండన్ హోటళ్లలో పక్కలు సర్దుతూ నేర్చుకున్న ఇంగ్లీషు అది. తల్లి మంచాన పడితే తిరిగొచ్చింది. తల్లి పోయాక ఇక ఎక్కడికీ కదల్లేదు.

నేను ఆ వార్డులో నర్సును. మధ్యాహ్నాలు కసిల్దా కాఫీ మిషను పక్కన చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని కూర్చునేది.

"జబ్బుల పేర్లతో నాకేం బాధ లేదే ఒబ్దులియా," అంది ఒకసారి. "ఈ సామెతలే ప్రాణం తోడేస్తున్నాయి. మోసపోతే మనం కుందేలని చెప్పి పిల్లిని అంటగట్టారంటాం. వాళ్లేమో గోనెలో పందిని కొన్నామంటారు. నేను పిల్లిని వదిలి పందిని పట్టుకునేలోపు డాక్టరు ఇంకోటి వదులుతాడు. ఇంటికెళ్లినా ఆగదు. రొట్టెల కొట్టులో ఎవరో సామెత అంటారు, దాని ఇంగ్లీషు జోడీ నా బుర్రలో లేచి కూర్చుంటుంది."

డాక్టర్ అర్రియేతా మంచివాడే. చెడు కబురు సూటిగా చెప్పడానికి మాత్రం నోరు రాదు. అప్పుడు వాళ్ల నాయనమ్మ సామెతల చాటుకి పోతాడు.

ఆ ఫిబ్రవరిలో ఆగ్డెన్ అనే ముసలాయన తన భార్య డోరీన్‌ను తీసుకొచ్చాడు. కడుపునొప్పిని చాలాకాలం అజీర్తి అనుకున్నారట. పరీక్షలయ్యాక డాక్టర్ ఆయన్ని గదిలోకి పిలిచాడు. రిపోర్టులు ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే నిలబడిపోయాను.

"ముందే తీసుకొచ్చి ఉంటే బతికేదా అని అడుగుతున్నారు," అంది కసిల్దా.

డాక్టర్ కిటికీ వైపు చూశాడు. "అయిపోయినదానికి రొమ్ము ఎదురొడ్డాలి," అన్నాడు.

కసిల్దా ఆగ్డెన్ వైపు తిరగలేదు.

"చెప్పు," అన్నాడు డాక్టర్.

"చెప్పలేను డాక్టర్ గారూ. ఇలాంటి చోట వాళ్లు ఒలికిన పాల కోసం ఏడ్చి లాభం లేదంటారు. పక్కగదిలో పెళ్లాం పోతుంటే ఆయనకి పాల మాట ఎలా చెప్పను?"

"తర్జుమా చెయ్యడమే కదా నీ పని."

"అవును. ఆయన అడిగినదానికి జవాబివ్వండి, చేస్తాను. సామెతలు మోసి మోసి నాకు ఓపిక అయిపోయింది."

ఆ గొంతులో కోపం లేదు. బరువు దించుకున్న కూలీ గొంతులా ఉంది. డాక్టర్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ముందు తెచ్చినా బతికేది కాదు," అన్నాడు నెమ్మదిగా. "కొన్ని నెలలు దక్కేవేమో. అదీ ఖాయంగా చెప్పలేను. ఇప్పుడు నొప్పి తెలియకుండా చూస్తాం."

కసిల్దా ఏమీ కలపకుండా, ఏమీ తీయకుండా చెప్పింది. ఆగ్డెన్ మోకాళ్లు రుద్దుకున్నాడు. తర్వాత ఆయన అడిగింది నాకొచ్చిన కాస్త ఇంగ్లీషుకి కూడా అర్థమైంది.

"ఇందాక మీరిద్దరూ దేనిమీద వాదించుకున్నారు?"

జోడీ వెతకకుండా, ఆ సామెతను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది కసిల్దా. ఆయన తల ఊపాడు.

"నా రొమ్ములో అంత బలం లేదమ్మా. ఆమె దగ్గరికి వెళ్లొచ్చా?"

కసిల్దా ఆయన మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఆ మధ్యాహ్నమంతా వాళ్ల గదిలోనే కూర్చుంది, తర్జుమా చెయ్యడానికి ఏమీ లేకపోయినా.

బాదం పూలు రాలేలోపే డోరీన్ పోయింది. ఆగ్డెన్ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. డాక్టర్ సామెతలు మానలేదు. కసిల్దా ఎదురుగా ఉంటే మాత్రం సగంలో ఆపేసేవాడు. మరుసటేడు ఆమె పని మానేసింది. ఎవరూ పొమ్మనలేదు.

ఒక ఆదివారం చూడ్డానికి వెళ్లాను. పొయ్యిమీద పప్పు ఉడుకుతోంది. రేడియో కూడా మోగడం లేదు.

"రోజంతా ఏం చేస్తుంటావ్?" అన్నాను.

"ఏమీ వినడం లేదు," అని కంచం నా ముందుకి జరిపింది. "తిను. ఉప్పు తక్కువైతే వేసుకో."

ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం.