జ్యేష్ఠంలో పనస ధర

నా చిన్నప్పుడు జ్యేష్ఠమాసం వచ్చిందంటే మా ఉద్దానంలో పనసపండు చూసి పశువులు కూడా మొహం తిప్పుకునేవి. ఇంటింటా అదే కాపు, ఊరూరా అదే వాసన. అదే పనస మాఘంలో లేత కాయగా ఉన్నప్పుడు ఇచ్ఛాపురం వైపు నుంచి వర్తకులు వెతుక్కుంటూ వచ్చి, చెట్టు మీదే బేరమాడి కోసుకుపోయేవారు. కూరకు కోసే కాయకు ఉన్న ధర పండుకు ఏనాడూ లేదు. ఇది ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. మా నాన్నకు మాత్రం తెలియదు. కాదు, తెలుసు, ఒప్పుకోడు. "పండితే రెండింతలు తూగుతాది, రెండింతలు ధరొత్తాది" అని ఏటేటా వర్తకుణ్ణి వెనక్కి పంపేవాడు. ఆయన కాయలు పండేసరికి లోకంలోని కాయలన్నీ పండేవి.

నేను అయిదో తరగతి చదివిన ఏడు చెట్లు మరీ విరగకాశాయి. కాశీబుగ్గ మార్కెట్‌కు వ్యాను కట్టించుకుని వెళ్తే పండును అడిగినవాడు లేడు. మళ్ళీ వారమూ అంతే. నాన్నకు విసుగు ముదిరి, ఈసారీ అమ్ముడుపోకపోతే పెరట్లోని పెద్ద చెట్టునే కలపకు ఇచ్చేస్తానని టెక్కలి వడ్రంగికి కబురు పెట్టాడు. ఆ చెట్టు మా మేనత్త పెళ్ళికి ముందు తన చేత్తో నాటి, నీళ్ళు మోసి పెంచింది. వేసవికి పుట్టింటికి వచ్చిన ఆవిడ ఆ మాట విని, మర్నాడు మాతోపాటు వ్యాను ఎక్కింది.

ఆ రోజూ అదే తంతు. మధ్యాహ్నమైనా పళ్ళ కుప్ప తరగలేదు. నాన్న ధర తగ్గించడు, జనం ఆగరు. ఎండకు నా మాడు పేలిపోతోంది. ఆయన మొండితనం చూసి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అప్పుడు అత్త సంచిలోంచి కత్తీ, కొబ్బరినూనె సీసా తీసి, చేతులకు నూనె పట్టించుకుని, అన్నిటికన్నా పెద్ద పండును కోసింది.

"ఏటి సేత్తన్నావు? మనింటి ఆడది బజార్న కూకుని తొనలమ్మితే నలుగురూ ఏటనుకుంతారు?" అన్నాడు నాన్న.

"సెట్టు కొట్టించీసినోడని అనుకుంతే బాగుంతాదేటి అన్నియ్యా? పండైతే మొయ్యాల, కొయ్యాల, జిగురు వదిలించుకోవాల. ఈ ఎండలో ఆ బాధ ఎవుడు పడతాడు? నాలుగు తొనలైతే నిలబడి తినీసి పోతాడు." తల ఎత్తకుండానే అంది అత్త.

వాసన బస్టాండుదాకా పోయింది. బస్సు దిగినవాళ్ళు, ఆటోవాళ్ళు, జీడిపప్పు పని ముగించుకుని ఇళ్ళకు పోతున్న ఆడవాళ్ళు ఆగారు. అరిటాకు ముక్కల్లో తొనలు పెట్టి అందించడం నా పని. నాన్న వ్యాను వెనక్కి పోయి, మాకూ తనకూ సంబంధం లేనట్టు బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పొద్దు వాలేసరికి వ్యానులో నాలుగైదు పళ్ళు మిగిలాయి.

ఇంటికి వచ్చాక అత్త చేతుల జిగురు ఎంత తోమినా వదల్లేదు. తప్పయిందని చెప్పే మనిషి కాదు నాన్న. గిన్నెలో నూనె తెచ్చి, చెల్లెలి ముందు కూర్చుని, ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే తుడిచాడు. "రేపు వడ్రంగొత్తే అక్కర్లేదని సెప్పీయండి" అని గోడకు చెప్పినట్టు అన్నాడు. అత్త అప్పుడు ఏడ్చింది. మరుసటి మాఘంలో సగం కాయ లేతగా వర్తకుడికి ఇచ్చి, సగం పండనిచ్చాడు. ఇస్తూ కూడా సణిగాడనుకోండి.

ఆ విసుగు నాకు ఆయన ఇచ్చిన ఆస్తి. నేను చేసింది ఎవరికీ పట్టనప్పుడు ముందు లోకాన్ని తిడతాను, తర్వాత చేసిన పనినే తిడతాను. దాన్ని మొదలంటా నరికేయబోయే ముందు మాత్రం, ఎదుటివాడు నోట్లో పెట్టుకునేలా ఒలిచి ఇచ్చానా అని ఒక్కసారి చూసుకుంటాను. అది మా అత్త ఇచ్చింది.