బావ మూసిన కళ్లలో గిర్ని

ఇది రాయడం ఎందుకులే అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. పోయిన వారం మా బావ, అంటే మా అక్క భర్త, పొద్దున టీ తాగుతూనే పోయాడని కబురొచ్చింది. కాగితం మీది రాత అంటే ఆయనకు గురి లేదు. బతికుంటే ఈ కాగితంలోనే మిర్చి బజ్జీలు పెట్టుకుని తినేవాడు. మా ఊరు ఖని బస్టాండు బజ్జీల గురించి కూడా చెప్పాలి గానీ, అది వేరే కథ.

బావ గనిలో బొగ్గు టబ్బులు లాగే యంత్రాలకు ఫిట్టరు. రిటైరయ్యాక నా పిండి గిర్నే ఆయన డ్యూటీ. కరెంటు కోతలు పడలేక నేనొక డీజిల్ ఇంజను తెచ్చాను. దాని బెల్టు తిన్నగా వేయాలా, మెలి వేయాలా? మెలి వేస్తే గిర్ని తిరిగే దిక్కు మారుతుంది. దిక్కు తప్పిందంటే బిగింపు ఊడి, పిండి విసిరే రాయి పగులుతుంది. తిప్పి చూద్దామంటే కుదరదు. అందుకే ఇంజను జాగా మార్చినప్పుడల్లా బావ బల్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, లోపలే తిప్పుకునేవాడు. ముందు ఇంజను, తర్వాత నడిమి చక్రం, చివరికి రాయి.

"అన్నీ ఒక్కపారే తిరగయి బామ్మర్దీ. ఒకదాన్ని పట్టుకొని ఇంకోదాని కాడికి పోవాలె."

చుట్టూ జనం తెలంగాణ వస్తుందా రాదా అని అరుచుకుంటున్నా ఆయనకు అడ్డం కాదు. కళ్లు తెరవకుండానే "ఎట్ల రాదు, వస్తది" అని తానూ ఒక మాట వేసేవాడు. చక్రం మాత్రం ఆగేది కాదు.

ఒక్కసారి ఆగింది. ఎవరో వచ్చి శ్రీరాంపూర్ బస్సు ఎక్కడాగుతుందని అడిగారు. బావ చెయ్యెత్తి మలుపు మలుపూ చూపించాడు. మళ్లీ కళ్లు మూసుకుని, కాసేపటికి "మెలి వెయ్యి" అన్నాడు. వేశాను. రాయి పగిలింది.

బావ ఆ ముక్కల్ని చూసి నవ్వాడు. "ఆయన మంచిగనే బస్సెక్కిండు. నా చక్రమే తొవ్వ తప్పింది. తలకాయల మాటలకు జాగ వేరే ఉంటది బామ్మర్దీ. మలుపులకు, చక్రాలకు జాగ ఒక్కటే."

ఆనాటి నుంచి మా గిర్నిలో ఒకటే కట్టడి. ఎంతైనా మాట్లాడండి, దారి మాత్రం అడగొద్దు.

బావ దినాలకు పిండి కావాలని నిన్న అక్క అంది. పాత ఇంజను మొరాయించింది. పక్క వీధి నుంచి ఇంకొకటి తెచ్చి గోడకు అవతలి పక్క దింపించాను. తిన్నగానా, మెలి వేసా? చెప్పేవాడు లేడు. ఉన్నది ఒక్కటే రాయి. బావ బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. ఇంజను తిరిగింది. నడిమి చక్రం దాకా వచ్చాను. గుమ్మంలోంచి ఎవరో పిలిచారు.

"అన్నా, ఫిట్టరన్న ఇల్లు ఎటు?"

"కూసో తమ్మీ" అన్నాను, కళ్లు తెరవకుండానే. "ఏదన్న మాట్లాడు. తొవ్వ మాత్రం అడగకు."

అతను బావతో కలిసి చేసిన షిఫ్టుల ముచ్చట్లు చెబుతూ కూర్చున్నాడు. నేను బెల్టు తిన్నగా వేశాను. పిండి పడింది. డబ్బా నింపి, అతన్ని వెంటబెట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను.