సన్యాసమ్మ ఒప్పుకున్న తప్పు

రోజూ సబ్బవరం నుంచి బస్సులో వచ్చి సీతమ్మధారలో ఒకే ఇంట్లో పదకొండేళ్లుగా వంట చేస్తున్న సన్యాసమ్మను మైక్రోవేవ్ దగ్గరికి మాత్రం రానిచ్చేవారు కాదు. ఆ ఇంటాయన, ఓడ ఇంజనీరు భీమశంకరరావు ఎనభై అయిదులో సింగపూర్ నుంచి తెచ్చిన పెట్టె అది. ఆయన భార్య వరహాలమ్మ దాన్ని తానే వాడేది, తానే తుడిచేది. తుడవడమంటే పైపైన గుడ్డ ఆడించడమే.

ఒకరోజు వరహాలమ్మ అందులో కూర వేడిచేస్తుంటే మాడు వాసన వచ్చింది. సన్యాసమ్మ ఆ మాటే చెప్పింది.

"అది నీ చీర కంపు. ఇంటి దగ్గర పొయ్యి పొగంతా పట్టించుకొచ్చి నా మిషన్ మీద పెడతావా?" అంది వరహాలమ్మ.

మర్నాటి నుంచి పెరట్లో స్నానం చేసి, తానిచ్చిన పాత చీర కట్టుకుంటే తప్ప వంటింట్లోకి రానివ్వలేదు. ఇంటికొచ్చిన వాళ్లను పిలిచి, సన్యాసమ్మ చెయ్యి వాసన చూడమని నవ్వేది. వారం తిరిగేసరికి సన్యాసమ్మకే అనుమానం పట్టుకుంది. బస్సులో ఎవరూ చూడకుండా తన చేతులు తానే వాసన చూసుకునేది.

ఆ ఆదివారం చుట్టాలు భోజనానికొచ్చారు. వంటింట్లో వరహాలమ్మ కూర వేడిచేస్తుంటే పెట్టె చిటపటలాడి, లోపల మంట లేచింది. వరహాలమ్మ తలుపు తీయబోయింది. గాలి తగిలితే మంట పెరుగుతుందని పొయ్యి దగ్గర బతికిన మనిషికి ఒకరు చెప్పాలా? సన్యాసమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపి, ప్లగ్గు పీకేసింది. కాసేపటికి మంట దానంతటదే ఆరిపోయింది.

చల్లారాక భీమశంకరరావు తలుపు తీశాడు. లోపలి గోడకున్న అట్టలాంటి పలక మీద నెలల తరబడి చిందిన నూనె పేరుకుని బొగ్గయిపోయింది. ఆయన చూశాడు, పక్కనే ఉన్న సన్యాసమ్మా చూసింది. అప్పటికే హాల్లో వరహాలమ్మ, వంటమనిషి అందులో పెట్టకూడని స్టీలు గిన్నె పెట్టేసిందని చుట్టాలకు చెబుతోంది.

"నాను దాన్ని ముట్టుకోనేదు బాబూ. మీరు సూసారు కదా," అంది సన్యాసమ్మ.

ఆయన గొంతు తగ్గించాడు. "చూశాను. అయినా గిన్నె పెట్టానని ఒప్పేసుకో. పదిమందిలో ఆవిడ పరువు నిలబడుతుంది. నీ పనికేం ఢోకా లేదు, నేనున్నాను."

సన్యాసమ్మ నమ్మింది. హాల్లోకి వెళ్లి తల వంచుకుని, "గిన్నె నానే ఎట్టినాను అమ్మగోరూ, తెలీక," అంది.

"విన్నారుగా," అంది వరహాలమ్మ చుట్టాలతో. చీర మార్చుకుని వెళ్లిపొమ్మని, మళ్లీ గడప తొక్కొద్దని చెప్పింది. సన్యాసమ్మ భీమశంకరరావు వైపు చూసింది. ఆయన ఎవరికో మజ్జిగ పోస్తున్నాడు.

ఆ వీధిలో మరో నాలుగిళ్లలో పని అడిగింది. తప్పు తనది కాదని మొదలుపెట్టగానే, నువ్వే ఒప్పుకున్నావట కదా అన్నారు. చివరికి రేవు దగ్గర చేపలకు ఉప్పు పట్టించే పనికి కుదిరింది. నెల తిరక్కుండా వేళ్లన్నీ పగిలాయి. ఇంట్లో కూడా కోడలే వండి పెట్టాల్సి వచ్చింది.