భావనపాడులో ఒక సీసా కుళ్ళునీరు

వేసవి సెలవుల్లో జనం అరకు వెళ్తారు. నేను కుళ్ళునీరు తేవడానికి భావనపాడు వెళ్ళాను. మా శ్రీనుగాడి ఎమ్మెస్సీ ప్రాజెక్టు అది. ఎండాకాలంలో ఇసుక మేటవేసి మొగ, అంటే ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటు, పూడిపోతుంది. ఆటుపోట్లు లోపలికి రాక నీరు పాడవుతుంది. వాడికి మొగ తెరవకముందు ఒక సీసా, తెరిచాక ఒక సీసా, రెండూ ఒకే చోటివి కావాలి. ఊరివాళ్ళు ఆ రోజే తవ్వుతున్నారని కబురొచ్చింది. మొదటి సీసా ఆ పూట దొరకాలి, లేకపోతే మళ్ళీ ఏడాదికే.

పొద్దున్నే ఇద్దరం పలాసలో పాసింజరెక్కి నౌపడ జంక్షన్‌లో దిగాం. టిక్కెట్ల కన్నా ప్లాట్‌ఫారం ఇడ్లీలకే ఎక్కువైంది. అక్కణ్నుంచి ఉప్పుమళ్ళ మధ్యగా షేరాటో. డ్రైవరు మా ఖాళీ సీసాలు చూశాడు.

"ఏటి బావా, సముద్రం సూడ్డానికా?"

"కాదు, పలాసకి నీళ్ళు పట్టుకెళ్ళడానికి."

"మీ పలాసలో నీల్లు నేవేటి?"

శ్రీను శాస్త్రం మొదలుపెట్టాడు. డ్రైవరు క్యాసెట్టు పెట్టాడు.

ఏరు పచ్చగా, కదలకుండా ఉంది. చేపపిల్లలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతున్నాయి. శ్రీను తీర్థం పట్టినంత భక్తిగా సీసా ముంచి, ఇంగ్లీషులో చీటీ అంటించాడు. దాన్ని ఒడ్డునే ఉన్న నూకాలమ్మ పాకలో పెట్టాం. మధ్యాహ్నం మాకు అన్నం వండిపెడతానన్నది ఆవిడే.

మొగ దగ్గర ఊరికే చూసేవాళ్ళకి చోటు లేదు. "సేతులు కట్టుకుని నిలబడిపోనారేటి? పార అందుకోండి!" అని ఒక పెద్దాయన కేకేశాడు. తవ్వాం. పోటు మొదలయ్యాక సముద్రం ఆ సన్నటి కాలవలో ముందు వేలు పెట్టి చూసి, తర్వాత మొత్తం వచ్చేసింది. పాక దగ్గరికొచ్చేసరికి అక్కడా నురగే. శ్రీను రెండో సీసా నింపాడు.

పులుసన్నం తిని బయల్దేరుతుంటే నూకాలమ్మ మొదటి సీసా తెచ్చి ఇచ్చింది. తళతళలాడుతోంది.

"ఓలమ్మా, కంపునీల్లు అట్టుకుని తిరుగుతన్నారేటి బాబూ! పారబోసీసి బోరింగు నీల్లు అట్టుకొచ్చినాను. దార్లో తాగండి."

శ్రీను నోరు చేపపిల్ల నోరులాగే తెరుచుకుంది. "అమ్మా, అది నా ప్రాజెక్టు!"

"సీసా బద్దలైపోనేదు కదా!"

తిరుగు ఆటోలోంచి ఆ బోరింగు కనబడింది. పాకకి ఎంతో దూరంలో, బిందెల వరస వెనక. శ్రీను ఆ దూరం చూసి, మూత తీసి తాగాడు. ఆ రోజు ఆ ఊళ్ళో కుళ్ళునీరు పోకూడదనుకున్నవాడు వాడొక్కడే. ఆఖరి సీసాడు కుళ్ళునీటితో సహా పారబోసి ఊరే గెలిచింది.

మీరూ వెళ్తే సలహా ఒకటే: చీటీని నమ్ముకోకండి, ఇంటావిడకి నోటితో చెప్పండి. "తాగేవి కావు" అనకండి, ఇంకా ముందే పారబోస్తారు. "పారబొయ్యకండి" అనండి.