కంచంలో వంజరం

కంచంలో వంజరం ముక్క చూసి నూకాలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

యారాడలో వాళ్ళింట వంజరం వండగా అతడు ఎరగడు. అది బజారుకి పోయే చేప. ఇంట్లోకి చవక నెత్తళ్ళే. పైగా రోగం బయటపడ్డ నాటి నుంచీ పత్యం. బార్లీ గంజి, చప్పటి చారు.

ఊపిరితిత్తిలోని గడ్డ కాలేయానికి పాకిందని టౌనులో డాక్టరు చెప్పాడు. తర్వాత అతని భార్య గంగాలమ్మను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. తలుపు సందులోంచి నూకాలుకి ఒక మాట వినబడింది.

"ఏది తినాలనుంటే అది పెట్టండి."

ఆ మాట ఎవరి విషయంలో అంటారో ఊళ్ళో అందరికీ తెలుసు. పత్యం ఎత్తేశారంటే ఆశ వదిలేసుకున్నట్టే.

"తినవేటి మావా?" అంది గంగాలమ్మ.

"గంజి ఉంటే పొయ్యి."

తెల్లారి నాగబాబు వచ్చాడు. ఒకే పడవ మీద వేటకెళ్ళేవాళ్ళు ఇద్దరూ.

"లెగు బావా. రాళ్ళ దాకా నడిసొద్దాం. డాక్టరు రోజూ నడవమన్నాడట."

"ఊరోళ్ళకి ఆకరిసారి సూపిత్తావా నన్ను?"

"అంత సూడసక్కని మొకమేం కాదులే. లెగు."

ఇసుకలో నాగబాబు అడుగు తగ్గించి నడిచాడు. ఎవరి కోసమూ ఆగే మనిషి కాదు వాడు. వల బాగుచేస్తున్న వాళ్ళు మాటలు ఆపి, అతణ్ణి పలకరిస్తూ మరీ ఎక్కువగా నవ్వారు. నూకాలు సగం దారిలోనే వెనక్కి తిరిగాడు.

వారాలు గడిచాయి. వంజరం, గుడ్డు, పాలు అన్నీ వెనక్కే పోయాయి. లుంగీ నడుం మీద నిలవడం లేదు. ఇంత నీరసంగా ఉంటే మందు ఎక్కించలేమని ఆసుపత్రిలో వెనక్కి పంపేశారు. అదీ ఒక సాకే అనుకున్నాడు నూకాలు.

ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. తన మీద ఆశ ఉందో లేదో తేల్చుకోవాలనిపించింది.

"గంగీ, సుట్ట ముట్టించి ఇయ్యి."

గంగాలమ్మ గిరుక్కున తిరిగింది. "సుట్టా? పళ్ళు రాలగొడతాను!"

"అడిగింది పెట్టమన్నాడు కదేటే?"

"తిండి పెట్టమన్నాడు, పొగ కాదు! నాను దాక్కుని కాల్సుకుంటన్నాను నీకు వాసన తగలకుండా. సుట్టంట, సుట్ట!"

నూకాలు ఆమె ముఖంలోకి చూశాడు. పోయేవాడి మీద అలా ఎవరూ అరవరు.

"డాక్టరు ఏటన్నాడు? మొత్తం సెప్పు."

ఆమె కింద కూర్చుంది.

"తగ్గదన్నాడు. తిని, నడిత్తే మందుకి తట్టుకుంటావన్నాడు. కొన్నాళ్ళు ఎక్కువ రావొచ్చు, రాకపోవొచ్చు, మాటివ్వలేనన్నాడు. అది నీకెలా సెప్పాలో తెలక, వంజరం వండినాను."

నూకాలు వంటింటి వైపు చూశాడు.

"ఇయ్యాల్టిది ఉందా ఇంకా?"

ఆమె కంచం తెచ్చింది. నూకాలు చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. మింగడం కష్టమైంది. మింగాడు.

"పులుపు సాల్లేదు," అన్నాడు.

"రేపేత్తాను. తిను."